తుడిచివేయుట అనగానేమి?

(ధ్యానమునకు: యిర్మీయా 36వ అధ్యాయము, 51వ కీర్తన)



పలకమీద వ్రాసిన అక్షరమును తడిగుడ్డతో తుడిచినయెడల అది పోవును. తుడుపును గూర్చి మనము బడిలో నేర్చుకొన్నది ఇంతే. గనుక కంప్యూటరులోనుండి ఒక ఫైలును తీసివేసి, ఆ పిమ్మట చెత్తబుట్టనుకూడ ఖాళీ చేసినప్పుడు, పలకమీది అక్షరమువలెనే అదియు పోయెనని తలంతుము. పోయెనని ఒకరు దుఃఖింతురు. పోయెనని మరియొకరు లోలోపల సంతోషింతురు. మొదటివాని దుఃఖమునకును రెండవవాని సంతోషమునకును తరచుగా ఆధారము లేదు. ఏలయనగా యంత్రములో తుడుచుట పలకను తుడుచుటవంటిది కాదు.

ఇది కంప్యూటరు దుకాణమువారి విషయమే గదా, సంఘ పత్రికలో దీనికేమి పని యని కొందరు అడుగవచ్చును. నేడు మన యిండ్లలో తల్లిదండ్రుల ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, అప్పుపత్రములు, ప్రేమతో వ్రాసికొన్న మాటలు, కోపముతో పంపిన మాటలు అన్నియు ఈ యంత్రములలోనే యున్నవి. వాటిని నిలుపుటయు, తుడుచుటయు, తిరిగి తీయుటయు మన చేతిలోని పనులైనవి. చేతికి పని యున్నచోట మనస్సాక్షికిని పని యుండును. తుడిచినంతమాత్రమున జరిగినది జరుగనిదగునా? ఈ నెల దీనినే ఆలోచింతము.

పేరు పోవును, పొలము నిలుచును

కంప్యూటరు తెరమీద చెత్తబుట్ట బొమ్మ పెట్టుట 1983లో ఆపిల్ వారి లీసా యంత్రముతో జనులకు పరిచయమాయెను. 1995లో వచ్చిన విండోస్ 95లో దానికి రీసైకిల్ బిన్ అని పేరు పెట్టిరి. తొందరలో పారవేసినదానిని తిరిగి ఏరుకొనుటకు మనుష్యునికి కొంత గడువు దొరకవలెనని ఈ యేర్పాటు. బుట్టలో ఉన్నంతవరకు ఏ ఫైలును పోలేదు. బుట్టను ఖాళీ చేసిన తరువాతనైనను ఏమగును? ఇక్కడనే మనము పొరబడుచున్నాము.

మన ప్రాంతపు రైతులకు అర్థమగునట్లు చెప్పుదుము. పట్వారీల కాలములో పహాణీలో ఒకని పేరు కొట్టివేసిరనుకొందము. పేరు కొట్టివేసిన దినముననే ఆ పొలము లేచిపోవునా? గట్లు అక్కడనే యుండును. కందిచేను అక్కడనే నిలిచి యుండును. క్రొత్త పట్టాదారుడు నాగలి దింపి దున్నువరకు పాత పంట కండ్లకు కనబడుచునే యుండును. కంప్యూటరును అట్లే చేయును. ఫైలు పేరును పట్టికలో కొట్టివేసి, ఈ స్థలము ఖాళీ, ఎవరికైన ఇయ్యవచ్చునని గుర్తు పెట్టుకొనును. లోపలి వ్రాతను ముట్టదు. మరియొక ఫైలు వచ్చి ఆ స్థలమున కూర్చుండినప్పుడే పాతది నిజముగా పోవును.

పాత డాస్ పద్ధతిలో ఇది మరింత స్పష్టముగా నుండెను. ఫైలును తీసివేయుమనగా ఆ యంత్రము పేరులోని మొదటి అక్షరమును మాత్రము చెరిపి అక్కడ ఒక గుర్తు పెట్టుచుండెను. 1982లో అమెరికా దేశస్థుడైన పీటర్ నార్టన్ పోయిన ఫైళ్లను తిరిగి తీయు ప్రోగ్రామును అమ్మకమునకు తెచ్చి ప్రసిద్ధి పొందెను. 1991లో మైక్రోసాఫ్ట్ వారు తమ డాస్ అయిదవ కూర్పులో అట్టి పనిముట్టునే చేర్చిరి. అది ఫైలును కనుగొని, పోయిన ఆ మొదటి అక్షరమేమో చెప్పుమని యజమానిని అడుగుచుండెను. యంత్రము మిగిలినదంతయు ఇయ్యగలదు. ఆ ఒక్క అక్షరము మాత్రము, దానిని ఎరిగినవాడు, దానిని పోగొట్టుకొని వెదకుచున్నవాడు ఇయ్యవలసినదే.

పోగొట్టుకొన్నవాడు మొదట చేయవలసినది

నారాయణఖేడ్ బజారులో ఫోటో స్టూడియోలవారిని, జిరాక్సు దుకాణములవారిని అడిగినయెడల ఇట్టి కథలు ఎన్నో చెప్పుదురు. పెండ్లి ఫోటోలున్న మెమరీ కార్డును ఎవరో ఖాళీ చేసిరి. చనిపోయిన తండ్రి ఫోటో ఒక్కటే యుండగా పిల్లలు ఆడుకొనుచు దానిని తీసివేసిరి. అప్పుడు ఇంటివారు కంగారుపడి ఏమి చేయుదురు? ఆ ఫోనులోనే ఇది నొక్కి, అది నొక్కి, క్రొత్త ప్రోగ్రాములు దింపి, వీడియోలు చూచి, పది మందికి ఇచ్చి వెదకింతురు. ఆ వెదకుటయే నష్టము చేయును. ప్రతి క్రొత్త వ్రాతయు ఆ ఖాళీ యని గుర్తింపబడిన పొలములో ఒక చాలు దున్నుటయే.

గనుక పోయినదని తెలిసిన క్షణముననే ఆ యంత్రములో పని ఆపవలెను. మెమరీ కార్డయినయెడల బయటికి తీసి పెట్టవలెను. హార్డు డిస్కయినయెడల దానిని మరియొక కంప్యూటరుకు తగిలించి చదువవలెను. వెదకెడి ప్రోగ్రామును పోయిన ఫైలున్న డిస్కులోనే ఎక్కింపరాదు; దొరికినవాటిని దానిలోనే దాచరాదు. ఫోటోరెక్ అను ఉచిత ప్రోగ్రాము ఒకటి కలదు. ఒకే రకపు ఫోటోల ఫైళ్లన్నియు ఒకే విధమైన గుర్తుతో మొదలగును గనుక, పట్టికలో పేరు లేకపోయినను ఆ గుర్తును బట్టి అది డిస్కంతయు వెదకి వాటిని ఏరును. అయితే దొరికిన వాటికి పాత పేర్లుండవు. ఎవరి పెండ్లియో, ఏ దినమో మనమే కూర్చుండి గుర్తుపట్టవలెను. డిస్కులో టకటక శబ్దము వచ్చుచున్నయెడల ఇంటివద్ద ఏ ప్రయత్నమును చేయక, విద్యుత్తు తీసివేసి తెలిసినవారియొద్దకు తీసికొని పోవలెను.

లేని ఆశ కల్పించుటయు ధర్మము కాదు. ఇప్పటి కంప్యూటరులలోని ఎస్.ఎస్.డి. డిస్కులు ఖాళీ యని చెప్పబడిన స్థలమును తామే త్వరలో శుభ్రపరచుకొనును. ఇప్పటి ఫోనులు వ్రాతనంతటిని తాళము వేసి దాచును. వాటిలో బుట్ట కూడ ఖాళీ అయిన తరువాత తిరిగి వచ్చుట బహు అరుదు. బుట్టకుగల గడువును తెలిసికొనుట మేలు. గూగుల్ డ్రైవులో 30 దినములు, గూగుల్ ఫోటోలలో బ్యాకప్ అయిన చిత్రములకు 60 దినములు గడువు కలదు. ముఖ్యమైన దానికి మరియొక చోట మరియొక ప్రతి యుంచుట యన్నిటికంటె మేలు. విత్తనపు గింజలను ఒకే గాదెలో పోయని రైతుకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

ఇందులో యంత్రమునకు మించిన పాఠమున్నది. నష్టము జరిగినప్పుడు ఏదో ఒకటి చేయవలెనని చేతులు ఉరకలు వేయును. అన్నదమ్ములు మాట జారినప్పుడును అంతే. జారిన మాటను సరిచేయబోయి పదిమాటలు ఆడుదురు; ఆ పదిమాటల క్రింద మొదట ఉన్న ప్రేమ కనబడకుండ పోవును. ఆ గడియలో ఊరకుండినయెడల తిరిగి దొరకుటకు ఎంతో మిగిలి యుండెడిది.

దాచుటకు తుడుచువాడు

ఇక రెండవవాని సంగతి. యిర్మీయా గ్రంథములో యెహోయాకీము రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందర కూర్చుండెను. బారూకు వ్రాసిన గ్రంథపుచుట్టను అతని యెదుట చదువుచుండిరి. మూడు నాలుగు పుటలు చదివినకొలది రాజు చాకుతో కోయించి నిప్పులో వేయించెను. వద్దని బతిమాలినవారి మాట వినలేదు. కడపట చుట్టంతయు కాలిపోయెను. అయితే అందులో వ్రాసిన సంగతులు కాలిపోలేదు. ప్రవక్త మరల చెప్పెను, బారూకు మరల వ్రాసెను. ఈ సారి ముందరి మాటలతోకూడ మరికొన్ని చేరెను. రాజు కాల్చినది చుట్టను మాత్రమే. అతని యపరాధము కుంపటిలో లేదు గనుక కాలలేదు.

మన రాజధానిలోనే జరిగినది జ్ఞాపకము చేసికొనుడి. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ లెక్కలలో మోసము జరిగినట్లు 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడే లేఖ వ్రాసి ఒప్పుకొనెను. పిమ్మట సి.బి.ఐ. వారు సంస్థ కంప్యూటరులను పరీక్షించినప్పుడు, సామాన్య ఉద్యోగుల కంటికి కనబడకుండ దాచియుంచిన 7,561 బిల్లులను కనుగొనిరి. అవి తుడిచినవి కావు, కప్పినవి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులని నిర్ణయించెను. వారు పై కోర్టునకు అప్పీలు చేసికొనిరి. వేలమంది ఉద్యోగులు ప్రతి దినము ఆ యంత్రములముందు కూర్చుండిరి. వారు చూడలేనిది యంత్రము మరువలేదు.

మరియొకటి. 2023 డిసెంబరులో రాష్ట్రమున ప్రభుత్వము మారిన సమయములో, పోలీసు శాఖలోని ఎస్.ఐ.బి. అను నిఘా విభాగమున హార్డు డిస్కులను ధ్వంసము చేసిరను ఆరోపణమీద 2024 మార్చిలో హైదరాబాదు పంజగుట్ట పోలీసు స్టేషనులో కేసు నమోదు చేయబడెను. ముక్కలను మూసీనదిలో పడవేసిరని దర్యాప్తు చేసినవారు చెప్పిరి. ఎవరు దోషులో నిర్ణయించుట న్యాయస్థానముయొక్క పని. మేము తీర్పరులము కాము. అయితే ఈ ఆరోపణనుండియే ఒక సంగతి గ్రహింపవచ్చును. చెత్తబుట్టను ఖాళీ చేసిన చాలదని యంత్రమును ఎరిగినవారికి తెలియును.

సరే, ఒకడు నిజముగానే ఏ జాడయు మిగులకుండ తుడిచెననుకొందము. అప్పుడతడు నిర్దోషి యగునా? ప్రశ్నయొక్క మూలము ఇక్కడనే యున్నది. సాక్ష్యము పోయినప్పుడు శిక్ష తప్పవచ్చును; అపరాధము తప్పదు. మోసపోయినవాని సొమ్ము అతనికి తిరిగి రాలేదు. అవమానింపబడిన స్త్రీ రాత్రి నిద్రపోలేదు. వ్రాత తుడిచినవాడు తన యెదుటి కాగితమును మాత్రము శుభ్రము చేసికొనెను. ఎదుటివాని యింటిలో జరిగిన నష్టము అట్లే యున్నది. జక్కయ్య తన లెక్కలపుస్తకమును కాల్చివేసి క్షేమముగా ఉండవచ్చును. అతడు నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. తిరిగి ఇయ్యవలెనన్న లెక్క కావలెను గదా! పశ్చాత్తాపపడినవానికి ఆ వ్రాత అవసరము; తుడువవలెనని తొందరపడువానికి ఇంకను పశ్చాత్తాపము కలుగలేదనియే చెప్పవలెను.

క్షమించుమని చెప్పి తుడిపింపకుడి

ఇప్పుడు గ్రామ పెద్దలకును సంఘ పెద్దలకును ఒక మాట. ఒక ఆడపిల్లకు ఎవడో చెడ్డ మాటలు పంపును, ఫోటోలతో బెదరించును. సంగతి బయటపడినప్పుడు పెద్దలు కూర్చుండి, పిల్లవాడు తప్పు ఒప్పుకొనెను, అమ్మాయి ఫోనులో ఉన్నదంతయు తీసివేసి యింతటితో మరచిపోవలెనని తీర్పు చెప్పుదురు. దానికి క్షమాపణయని పేరు పెట్టుదురు. ప్రేమ అపకారములను లెక్క పెట్టుకొనదని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని పదుమూడవ అధ్యాయమును చూపుదురు.

ఈ వాదము బలమైనదే; దానిని తేలికగా త్రోసివేయరాదు. పాత కోపమును ప్రతి రాత్రి ఫోనులో తెరచి చదువుకొనువాడు తన గాయమును తానే గోకుకొనుచున్నాడు. అట్టివానికి తుడుచుట వైద్యమే. అయితే పగ తీర్చుకొనుటకు లెక్క పెట్టుట వేరు. మరల హాని కలుగకుండ సాక్ష్యమును నిలుపుట వేరు. ఆ పిల్లవాడు రేపు మరియొక ఇంటి బిడ్డను బెదరించినయెడల, నిన్న తుడిపించిన పెద్దలు ఏమి సమాధానము చెప్పుదురు? క్షమాపణ ఇచ్చునది గాయపడినవారి హృదయము. దానిని గాయపరచినవాడు అడుగవచ్చునేగాని, ఆజ్ఞాపింపలేడు; వాని పక్షమున పెద్దలును ఆజ్ఞాపింపలేరు. సాక్ష్యమును ఉంచుకొనుట యామెకున్న రక్షణ. అట్టి ఆపదలో ఉన్నవారు ఏదియు తుడువక, పోలీసువారికి చెప్పవలెను. కంప్యూటరు నేరముల ఫిర్యాదునకు 1930 అను ఫోను నంబరు కలదు. ఇతరుల కంప్యూటరులోని సమాచారమును అనుమతి లేకుండ కపటముగా తుడుచుటకూడ 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరమే యగును.

తుడిచియే తీరవలసినవి

అన్నిటిని దాచుకొనవలెనని దీని భావము కాదు. ఇతరులు మనలను నమ్మి చెప్పిన రహస్యము మన పని తీరిన వెంటనే తుడిచివేయవలసిన అప్పు. ప్రార్థన చేయుడని వ్రాసి పంపిన రోగముల సంగతులు, కుటుంబ కలహములు, ఆధార్ కార్డుల నకళ్లు మన ఫోనులలో ఎన్ని పడియున్నవో చూచుకొనుడి. ఆ ఫోనులనే వీధిలోకి వచ్చినవానికి ప్లాస్టిక్ బిందెకు మారకము ఇచ్చివేయుచున్నారు.

అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనువారు, ఇతరులు వాడి అమ్మివేసిన హార్డు డిస్కులను 158 కొని పరీక్షించి 2003లో ఫలితములను ప్రకటించిరి. చదువవీలైనవి 129. వాటిలో సరిగా శుభ్రము చేయబడినవి 12 మాత్రమే. తక్కినవాటిలో వైద్యుల వ్రాతలు, ఉత్తరములు, బ్యాంకు లెక్కలు దొరికెను. అమ్మినవారు తుడిచితిమనియే యనుకొని యుందురు. పేరు కొట్టివేసి పొలమును పంటతోకూడ అప్పగించిరి!

గనుక ఫోను చేతులు మారకముందు దానిని మొదటి స్థితికి తెచ్చు ఫ్యాక్టరీ రీసెట్ చేయవలెను. ఇప్పటి ఫోనులలో అది తాళపుచెవినే నాశనము చేయును గనుక లోపలి వ్రాత ఎవరికిని అర్థము కాదు. పాత హార్డు డిస్కయినయెడల దానిమీద మొదటినుండి చివరివరకు మరల వ్రాయు ప్రోగ్రాము నడుపవలెను. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తన సమాచారమును తుడిచివేయుమని కోరు హక్కును ప్రజలకు గుర్తించెను. చట్టము అడుగకముందే పొరుగువాని మానము కాపాడుట మనకు తగును.

క్షమింపబడినవాని చరిత్ర

ఇంతకును తన పాపము తుడిచివేయబడవలెనని ప్రార్థించుట తప్పా? దావీదు 51వ కీర్తనలో అట్లే వేడుకొనెను. అయితే విచిత్రము చూడుడి. దావీదు క్షమింపబడెను, అతని కథ మాత్రము తుడిచివేయబడలేదు. రెండవ సమూయేలు 11, 12 అధ్యాయములలో ఊరియా హత్యయు, నాతాను గద్దింపును నేటికిని మన యెదుట నున్నవి. మత్తయి సువార్త మొదటి అధ్యాయమున వంశావళి వ్రాయుచోటకూడ ఊరియా భార్య అనియే ఆమెను పేర్కొనిరి. రాజును గొప్ప చేయుటకై ఆ మాట తీసివేయుట ఎంత సులభము! ఎవరును తీసివేయలేదు. హతుడైన ఊరియా పేరు పోరాదు.

అట్లయిన క్షమాపణ అనగానేమి? వ్రాత పోవుట కాదు. ఆ వ్రాతకు మనమీదనున్న దావా పోవుట. తీర్చిన ప్రామిసరీ నోటు పెట్టెలో ఉన్నను ఎవడును దానిని చూపి వడ్డీ అడుగలేడు. ఆ కాగితమును చూచి భయపడవలసిన పనిలేదు. అప్పు లేనేలేదని అబద్ధమాడవలసిన పనియు లేదు.

పారిసు నగరపు గ్రంథాలయములో అయిదవ శతాబ్దపు గ్రీకు బైబిలు వ్రాతప్రతి యొకటి కలదు. పన్నెండవ శతాబ్దములో ఎవరో దాని అక్షరములను గీకి, ఆ తోళ్లమీదనే సిరియావాడైన ఎఫ్రేము ప్రసంగములను వ్రాసిరి. ఏడువందల యేండ్ల పిమ్మట టిషెన్‌డార్ఫ్ అను జర్మను పండితుడు ఆ మసక అక్షరములను కష్టించి చదివి, క్రొత్త నిబంధన భాగమును 1843లోను, పాత నిబంధన భాగమును 1845లోను అచ్చువేయించెను. గీకినవాడు పోయెననుకొనెను, అది పోలేదు. పైని వ్రాసినదియు వ్యర్థము కాలేదు. ఒకే తోలుమీద రెండును నిలిచినవి. మనుష్యుని బ్రతుకును ఇట్టిదే. క్రింద పాత వ్రాత యున్నది; ఇక మీదట ఏమి వ్రాయుదుమో అది మన వశమున నున్నది.

కావున, పోగొట్టుకొన్నవారలారా, తొందరపడక చేతులు నిలుపుడి. దొరకవలసినది ఇంకను ఉండవచ్చును. దొరకనియెడల, తండ్రి ఫోటో పోయినను తండ్రి పెంచిన పెంపకము మీలోనే యున్నదని ధైర్యము తెచ్చుకొనుడి. దాచుటకు తుడుచువారలారా, బుట్టను ఖాళీ చేయుటకు ముందు మీరు నష్టపరచినవాని ఇంటికి వెళ్లుడి. ఇతరుల రహస్యము చేతనున్నవారలారా, దానిని నిజముగా తుడువుడి. తుడువవలసినది, నిలుపవలసినది ఏదియో తెలిసికొను వివేకము మనకందరికిని కలుగునుగాక.